కళ్లు సహకరించని కుర్రాడు, కారులోని నిప్పురవ్వ

మీ ఇంట్లోనో, మీ అత్తవారి ఊళ్లోనో షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉంచిన పాత అంబాసిడరో, ఫియట్టో ఉందా? మన గోదావరి జిల్లాల్లో అలాంటి బండిని ప్రాణంగా చూసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వానలన్నీ వెళ్లాక సంక్రాంతికి బయటికి తీస్తే ఒక పట్టాన స్టార్ట్ కాదు. మెకానిక్ వచ్చి డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, గ్యాప్ సరిచేస్తాడు. వెళ్తూ వెళ్తూ, ఇవి పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించుకోమని ఓ సలహా పడేస్తాడు. పెట్టించాలా వద్దా అన్నది కాసేపాగి చూద్దాం. ముందు ఆ పాయింట్ల వెనక ఉన్న మనిషిని మీకు పరిచయం చేయాలి. చదువులో ఆయన పడ్డ ఇబ్బంది మీలో కొందరికి ఇంట్లో అనుభవమే.

ఆయన పేరు చార్లెస్ కెటరింగ్. 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ దగ్గర రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ చూపు బలహీనం. కాసేపు పుస్తకం పట్టుకుంటే చాలు, తలనొప్పి. హైస్కూలు అయ్యాక కొన్నాళ్లు బడిపంతులుగా పనిచేశారు. కరెంటు, అయస్కాంతం, వేడి ఎలా పనిచేస్తాయో చేసి చూపిస్తూ పాఠం చెప్పేవారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాక కళ్లు పూర్తిగా మొరాయించాయి. చదువు మధ్యలో ఆపేసి, టెలిఫోన్ లైన్లు వేసే ముఠాలో పనికి కుదిరారు. కొంతకాలానికి మళ్లీ కాలేజీకి వెళ్లారు. తోటి విద్యార్థులు పాఠాలు పైకి చదువుతుంటే విని గుర్తుపెట్టుకుని 1904లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ అందుకున్నారు. అప్పటికి వయసు 27. మనం కట్టే ర్యాంకుల ఫ్లెక్సీల్లో ఆ ఫొటోకి చోటుండేది కాదు.

ఉద్యోగం డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో దొరికింది. దుకాణాల్లో చేత్తో తిప్పే గల్లా యంత్రానికి ఆయన మోటారు బిగించారు. ఆ మోటారు రోజంతా తిరగనక్కర్లేదు, ఒక్క క్షణం గట్టిగా లాగితే చాలు, కాబట్టి చిన్నదైనా సరిపోతుందన్నది ఆయన లెక్క. అదే కంపెనీలోని ఎడ్వర్డ్ డీడ్స్ ప్రోత్సాహంతో, ఉద్యోగం అయ్యాక డీడ్స్ గారి ఇంటి వెనక కొట్టంలో కొందరు మిత్రులతో కూర్చుని కారు ఇగ్నిషన్ మీద పనిచేశారు. 1909లో కాడిలాక్ అధిపతి హెన్రీ లీలాండ్ 8,000 సెట్లకు ఆర్డరిచ్చారు. డెల్కో కంపెనీ అలా మొదలైంది.

ఆ రోజుల్లో కారు స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాలి. అది వెనక్కి తంతే చెయ్యి విరిగేది, ఒక్కోసారి ప్రాణమే పోయేది. గల్లా యంత్రం లెక్కనే కెటరింగ్ కారుకీ వాడారు. 1912 మోడల్ కాడిలాక్ ఎలక్ట్రిక్ స్టార్టర్‌తో వచ్చింది.

ఇక పాయింట్ల సంగతి. బ్యాటరీ కరెంటు 12 వోల్టులే. నిప్పురవ్వ పుట్టాలంటే వేల వోల్టులు కావాలి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కాయిల్‌లో కరెంటు పారుతుంది. అవి విడిపోగానే ఆ కరెంటు టక్కున ఆగి, ఆ ఆగడంలోనే కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్గుకి చేరతాయి. అంబాసిడర్ ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరిగితే పాయింట్లు 6,000 సార్లు తెరుచుకుంటాయి. గ్యాప్ సుమారు 0.4 మిల్లీమీటర్లు. తెరుచుకున్న ప్రతిసారీ కాస్త కాలుతాయి, అరుగుతాయి. బండి నెలల తరబడి కదలకపోతే వాటిమీద తుప్పు పొర కడుతుంది.

ఎలక్ట్రానిక్ కిట్‌లో ఈ తెరిచే పని అయస్కాంతం, సెన్సర్, ట్రాన్సిస్టర్ కలిసి చేస్తాయి. అరిగేదేమీ లేదు, ఏళ్ల తరబడి మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. కాకపోతే పాయింట్లు చెడేముందు బండి మొరాయించి కబురు పెడుతుంది, రావులపాలెం దగ్గర రోడ్డు పక్కన ఆగినా సరిచేసుకుని ఇంటికి రావచ్చు. కిట్ పోతే చెప్పకుండా పోతుంది, అక్కడ ఎవరూ బాగుచేయలేరు. ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కొన్ని కిట్లు కాలిపోతాయి కూడా. నన్నడిగితే, తరచూ తిరిగే బండికి కిట్ పెట్టించి, తీసిన పాయింట్ల సెట్టు డ్యాష్‌బోర్డు అరలో దాచుకోండి. ఎప్పుడో పండక్కి తీసే బండికి పాయింట్లే ఉంచి, గ్యాప్ సరిచేయడం పిల్లల చేత నేర్పించండి.

పాత కారు అభిమానులకు ఇది మతం మార్చుకున్నంత పెద్ద చర్చ. విచిత్రమేమిటంటే, పాయింట్లు లేని ట్రాన్సిస్టర్ ఇగ్నిషన్‌ను 1963లో కొన్ని పోంటియాక్ కార్లకు ఇచ్చింది డెల్కోయే. 1975 మోడళ్లకల్లా జనరల్ మోటార్స్ అమెరికా కార్లలో పాయింట్లు దాదాపు మాయమయ్యాయి.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది, కానీ అది సగమే. 1920 నుంచి 1947 దాకా కెటరింగ్ జనరల్ మోటార్స్ పరిశోధన విభాగాన్ని నడిపారు. ఇంజిన్లు టకటకమని కొట్టుకునే నాకింగ్‌కి మందు వెతికే పనిని థామస్ మిడ్జ్లీకి అప్పగించారు. 1921 డిసెంబరులో సీసం కలిసిన రసాయనం దొరికింది. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని ఆ బృందానికి తెలుసు, నేడు మన బంకుల్లో పెట్రోలులో కలుపుతున్న ఇథనాలే అది. అయినా సీసాన్నే ఎంచుకున్నారు. సీసం విషమన్నదీ అప్పటికే తెలిసిన సంగతే. 1924లో న్యూజెర్సీలోని ప్లాంటులో అయిదుగురు కార్మికులు దానికి బలయ్యారు. ఆ వ్యాపారం కోసం పెట్టిన ఎథిల్ కంపెనీకి మొదటి అధ్యక్షుడు కెటరింగే. అమ్మకాలు ఆగలేదు, దశాబ్దాల పాటు ప్రపంచమంతా పాకాయి. సీసం పొగ పెద్దలకంటే పిల్లల మెదడునే ఎక్కువ దెబ్బతీస్తుంది.

కెటరింగ్ 1958 నవంబరు 25న, 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు. న్యూయార్క్‌లో ఆయన పేరు మీద నేటికీ క్యాన్సర్ పరిశోధన జరుగుతోంది. మన దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది 2000 ఫిబ్రవరి 1న. అంతకుముందు రాజమండ్రి మెయిన్ రోడ్డు మీదుగా బడికి నడిచి వెళ్లినవాళ్లయితే, ఆ పొగ మీరు పీల్చిందే.