బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

మన మహాసభల వేదికపై నలంకరింపబడు పటములలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి పటము తప్పక యుండును. తెల్లని తలపాగ, తెల్లని గడ్డము, తెల్లని నిలువుటంగీ, పూలదండ నడుమ నిమ్మళమైన చూపు. ఆ పటమునకు నమస్కరించి, ఆయన మనవాడని చెప్పుకొని, సంతోషించుచుందుము. కాని ఆయన యేమి నమ్మెను, నమ్మినదానికై యేమి విడిచెను అని యెవరైన నడిగినచో మనలో పెక్కండ్రు తడుముకొందురు. ఈ సంచికకై వారి చరిత్రమును వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినపుడు మేమును కొంత తడుముకొంటిమి. ఉన్నది యున్నట్లు చెప్పినచో ఆ చరిత్రము కులసంఘమువారికి సుఖముగా చదువదగినది కాదు. అయినను చెప్పుటయే యుక్తమని తోచినది.

వేంకటరత్నము నాయుడుగారు 1862 వ సంవత్సరము అక్టోబరు 1 వ తేదీని మచిలీపట్టణమున తెలగ కుటుంబమునందు జన్మించిరి. తండ్రి అప్పయ్య నాయుడుగారు సైన్యమున సుబేదారు. దండు కదలినచోటికెల్ల సంసారమును కదలవలసినదే గనుక, బాలుని చిన్నతనము తెలుగు గ్రామమున గాక మధ్యపరగణాలందును, పిదప హైదరాబాదునందును గడచెను. ఉర్దూ, పారసీ భాషల పరిచయ మాయన కట్లు కలిగినదే. ఆ కాలమున మన జిల్లాలలో పుట్టిన బాలుడు తన వీథిని, తన బంధువుల పంక్తిని మాత్రమే యెఱిగి పెరుగుచుండెను. దండునందు పెరిగిన బాలునికో నానాజాతులవారు, నానామతములవారు ఒకే బూరధ్వనికి లేచి, ఒకే వరుసను నిలుచుట దినదినము కనబడు దృశ్యము. తరువాతి కాలమున ఆయన కుదిరిన సమతాభావమునకు బీజము గ్రంథములందుకంటె ఈ దండుబాటలయందే పడెనని మా యూహ.

పై చదువునకై ఆయన చెన్నపట్టణము చేరి, క్రైస్తవ కళాశాలయందు డాక్టరు విలియమ్ మిల్లరు దొర కడ విద్యనభ్యసించెను. మిల్లరు దొర స్కాట్లండు దేశస్థుడు. విద్యార్థులకు మతము మార్పించుటకంటె వారి శీలమును దిద్దుటయే ముఖ్యముగా నెంచినవాడని పేరొందెను. గురువునెడ నాయుడుగారి భక్తి జీవితాంతము చెడలేదు. అయినను ఆయన క్రైస్తవుడు కాలేదు. అట్లని తాతతండ్రుల యాచారములకును మరల లేదు. ఆయన కప్పుడు మూడవ మార్గ మొకటి గోచరించెను. 1828 వ సంవత్సరమున రాజా రామమోహనరాయలు వంగదేశమున స్థాపించిన బ్రహ్మసమాజము, ఏకేశ్వరుని నిరాకారోపాసనమును, మనుష్యులందఱి సమానత్వమును బోధించుచుండెను. చెన్నపట్టణమున దానికి పునాదులు వేసినవారు శ్రీధరులు నాయుడుగారు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1881 వ సంవత్సరమున ప్రథమ వితంతువివాహమును జరిపించి దేశమంతయు కలచియుండిరి. యువకులకు తామేమి నమ్ముచున్నదియు తేల్చుకొనక తప్పని కాలమది. నాయుడుగారు తేల్చుకొనిరి; తేల్చుకొన్నపిదప వెనుదీయలేదు.

ఆయన తేల్చుకొన్నవి యెక్కువ కావు. దేవుడొక్కడే యనునది యొకటి. ఆ దేవుని యెదుట పుట్టుకవలన హెచ్చుతగ్గులు లేవనునది రెండవది. దేహము, వాక్కు, మనస్సు మూడును శుచిగా నుండవలెననునది మూడవది. తాను సంపాదించినది తన యొక్కనిది కాదనునది నాలుగవది. ఇవి వినుటకు క్రొత్తవి కావు. పురాణశ్రవణమున ప్రతిదినము మనము వినునవే. నమ్మినదానిని వేదికమీద చెప్పి, ఇంటికడ వేఱు విధముగా నడచుకొనుట నాడు నేడు కూడ పెద్దమనుష్యుల కలవాటైన పని. ఆ యలవాటు నాయుడుగారికి లేకుండుటయే వింత.

యౌవనముననే ఆయన భార్య స్వర్గస్థురాలయ్యెను. ఆ కాలమున భార్య పోయిన పురుషుడు సంవత్సరము తిరుగకమునుపే రెండవ పెండ్లి చేసికొనుట లోకసహజము, ఆక్షేపించువారును లేరు. స్త్రీకి పునర్వివాహము కూడదని, పురుషునికి మాత్రము కూడునని యను ధర్మమును నాయుడుగారు సహింపజాలని సంస్కర్తలలోనివారు. వారు మరల వివాహమాడలేదు. అటుపిమ్మట తెల్లని వస్త్రములే ధరించుచు బ్రహ్మచర్యముననే కాలము గడపిరి. ఇప్పుడు మన పటమున కనబడు తెల్లని వేషమున కింత చరిత్ర గలదు.

మచిలీపట్టణము నోబులు కళాశాలయందు ఆయన యుపాధ్యాయుడుగా నున్నకాలమున సాంఘికశుద్ధి యుద్యమము మొదలిడెను. ఆనాటి స్థితి యెఱుగనివారికై రెండు మాటలు చెప్పవలెను. వివాహమునకు భోగముమేళము లేకున్న ఆ యింటివారికి గౌరవము లేదు. జమీందారులు, వకీళ్లు, తాసీలుదారులు, దొరలు కూడ ఆ సభలకు పోయి ముందువరుసలో కూర్చుండువారు. భోగముసాని నుంచుకొనుట హోదాకు చిహ్నము. నాయుడుగారు విద్యార్థులచేత మేళముల సభలకు పోమనియు, మద్యము ముట్టమనియు, ఏకపత్నీవ్రతము పాటింతుమనియు ప్రమాణములు చేయించిరి. 1893 వ సంవత్సరమున చెన్నపట్టణపు సంస్కర్తలు ఇట్టి సభలకు హాజరుకావలదని రాజప్రతినిధికిని, గవర్నరునకును విజ్ఞాపనము లంపగా, వా రిరువురును అందులో దోషము తమకు కానరాదని త్రోసిపుచ్చిరి. పై యధికారు లాడినదే ధర్మమైన దినములలో ఒక బడిపంతులు తన పంతము విడువకుండుట సామాన్యము కాదు. పిలిచిన పెండ్లికి పోకుండుట యనగా బంధువులతో, పోషకులతో విరోధము తెచ్చుకొనుటయే గదా! ఈ విషయమున ఆయన చేసిన ప్రసంగ మొకటి, 1901 వ సంవత్సరమున మన తెలుగువాడే యగు సి. వై. చింతామణిగారు ప్రకటించిన సంఘసంస్కరణ సంపుటమున చేరి దేశమంతట వ్యాపించెను.

ఇచట మా యభిప్రాయము నొకింత చెప్పక మానలేము. మేళములను మాన్పించిన సంస్కర్తలు ఆ మేళమునందలి స్త్రీల బ్రదుకుదెరువేమని తగినంత యాలోచింపలేదు. తరతరములుగ సంగీతమును, అభినయమును కాపాడినవారు వారే; చదువు, ఆస్తి, స్వాతంత్ర్యము గల స్త్రీలును ఆనాడు హెచ్చుగా వారిలోనే యుండిరి. 1947 వ సంవత్సరమున మదరాసు రాష్ట్రమున దేవదాసీపద్ధతి శాసనముచే నిషేధింపబడువఱకు జరిగిన చర్చలో వారి మాట వినబడినది స్వల్పము. నాయుడుగారి శుద్ధి పురుషుని గెలిచినంతగా ఆ స్త్రీ నాదరింపలేదని నేటివారు చేయు విమర్శలో సత్యము లేకపోలేదు. మహనీయుల చరిత్రమున లోపమును చెప్పినచో భక్తి తగ్గునని మేము తలపము.

నోబులు కళాశాలనుండి ఆయన సికింద్రాబాదు మహబూబు కళాశాలకును, అచటినుండి కాకినాడకును వచ్చిరి. కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ఆయన అధ్యక్షులై 1919 వఱకు సుమారు పదునైదేండ్లు పనిచేసిరి. ఆయన జీవితమునకు ఫలకాలమిదియే.

కళాశాల యధ్యక్షునకు జీతము గట్టిది. ఆ జీతములో గొప్పభాగము బీదవిద్యార్థుల రుసుములకును, భోజనమునకును, పుస్తకములకును పోవుచుండెను. ఇంట తన సంతానమువలె పరుల బిడ్డలు పెరుగుచుండిరి. బాలికలకు కళాశాలాప్రవేశ మొసగిరి. బాలురతో గలసి బాలికలు చదువుట యనిన ఊరు మండిపడు దినములవి. అంతకంటె మిన్నగ, అస్పృశ్యులని దూరముంచబడిన కులముల పిల్లలను కళాశాలలో చేర్చుకొని, వారికి రుసుములు లేకుండ చేసి, వసతిగృహమును కల్పింపజేసిరి. నేడు ప్రభుత్వములే చేయు పనిగనుక ఇది మనకు చిన్నదిగా తోచవచ్చును. ఆ పిల్లవాడు వచ్చి కూర్చున్న బల్లమీద తమ పిల్లవాడు కూర్చుండరాదని తండ్రులు కదలివచ్చు కాలమున, కళాశాల యాదాయమును, తన యుద్యోగమును పణముగా పెట్టి చేసినపని యది.

ఈ పనులకు వెనుక నిలిచినవారు పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారు. సూర్యరాయాంధ్రనిఘంటువునకు వీరు చేసిన ధనసాహాయ్యము లోకవిదితమే. నాయుడుగారినెడ వీరికి గురుభావము. కాకినాడలో బ్రహ్మమందిరము, అనాథశరణాలయము వీరి దానమువలన వెలసినవి. దాతయు, ఉపదేష్టయు ఒకరినొకరు నొప్పింపక యిన్నియేండ్లు కలసి పనిచేయుట మన సంఘముల చరిత్రలో నెంత యరుదో కార్యదర్శిపదవులు వహించినవారికి మేము వేఱుగా చెప్పబనిలేదు. అనాథశరణాలయమున బిడ్డను చేర్చుకొనునపుడు ఏ కులపుబిడ్డ యని విచారించు నియమము లేదు.

ఆయన శిష్యులను గూర్చి యొకమాట. మచిలీపట్టణమున ఆయన శిష్యుడైన ముట్నూరి కృష్ణారావుగారు తరువాత కృష్ణాపత్రికా సంపాదకులై ఆంధ్రదేశమున నొక తరమును మేల్కొలిపిరి. కాకినాడలో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆయన ప్రభావమున బ్రహ్మసమాజపు ప్రార్థనలయందు మునిగిరి. గుడిపాటి వేంకటచలముగారును ఆ కళాశాలయందే చదివి, ఆ సమాజమునందే తొలిదినములు గడపి, పిమ్మట గురువు బోధించిన శుద్ధికి పూర్తిగా ఎదురైన వ్రాతలు వ్రాసిరి. శిష్యుడిట్లు తిరుగబడెనని కొందఱు నవ్వుదురు. మే మందులో గురువునకు పరాజయమును చూడము. లోక మేమనునో యని జంకక తాను నమ్మినదానిని పాటించుట చలముగారు ఆ కళాశాలలో కన్నులార చూచిన సంగతియే. నమ్మిన విషయము మాత్రము వేఱు.

నాయుడుగారి తమ్ముడు రఘుపతి వేంకయ్య నాయుడుగారు తెలుగు చలనచిత్రములకు పితామహులని చెప్పబడువారు. అన్నగారు మేళములు కూడదనిరి; తమ్ముడుగారు చెన్నపట్టణమున గెయిటీ యను చిత్రప్రదర్శనశాలను కట్టి లోకమునకు వినోదము పంచిరి. ఒక తల్లిబిడ్డలలో ఇంత వైవిధ్యము! తమ్మునిపేర ప్రభుత్వము 1980 లో పురస్కారమును స్థాపించెను గనుక నేటి యువకులలో ఆయన పేరే హెచ్చుగ వినబడుచున్నది.

బిరుదులు, పదవులు అన్నగారికి కొఱతపడలేదు. దివాను బహద్దరు బిరుదు పిదప 1924 లో సర్ బిరుదము వచ్చెను. 1925 మొదలు 1928 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ప్రజ లిచ్చినది బ్రహ్మర్షి యను పేరు; అదియే నిలిచినది. ప్రసంగములు వేమూరి రామకృష్ణారావుగారి సంపాదకత్వమున సంపుటములుగా వెలువడినవి. అవి యాంగ్లమున నుండుటచే మనలో చదివినవారు కొలది. తెలుగున బోధించినచో పల్లెలకు కూడ ఆయన వాక్కు చేరియుండెడిది గదా యని మాకు విచారము కలుగును. 1939 వ సంవత్సరము మే 26 వ తేదీని ఆయన దివంగతులైరి. తమ్ముడు 1941 లో ఆయన వెంటనే చనిరి.

ఇక మొదట జంకిన విషయమునకు వత్తుము. పుట్టుకవలన మనుష్యులను వేఱుచేయరాదని నమ్మి, పంక్తిభోజనమున, పాఠశాలలో, శరణాలయమున ఆ నమ్మకమును నడపిన మహనీయుని, పుట్టుకచే నేర్పడిన సంఘమువారము మనవాడని యేల చెప్పుకొందుము? ఆయన బ్రదికియుండి ఈ మహాసభకు పిలువబడినచో వచ్చెడివారా? మే మీ ప్రశ్నను పెద్దలు కొందఱితో ముచ్చటించితిమి. రాడని యొకరనిరి. బీదపిల్లల చదువునకై చందాలు పోగుచేయుచున్నారు గనుక వచ్చి, నాలుగు చీవాట్లు పెట్టి, చందా యిచ్చిపోయెడివాడని మఱియొకరనిరి. మాకు రెండవమాటయే నచ్చినది. చీవాట్లకు మాత్రము కొదవ యుండదు. మన పెండ్లిండ్లలో మేళము పోయి దానిచోట వచ్చినవేవో, మండపము వెనుక పంచబడు సీసాలేవో, కట్నముల పట్టికలేవో సభాసదులకు తెలియును.

మఱియొక సంగతి కలదు. మన సంఘమువారి విద్యార్థివసతిగృహమునకు నాయుడుగారి పేరు పెట్టవలెనను తీర్మాన మీయేటి మహాసభకు వచ్చుచున్నది. పోషకులు పలువురు దానికి సమ్మతించిరి. అయితే ఆ గృహమున మన కులబాలురకు మాత్రమే ప్రవేశమని నిబంధన యున్నది. నిబంధన నట్లే యుంచి ద్వారముపై ఆ పేరు చెక్కించుట ఆయనను గౌరవించుట యగునా యని కార్యవర్గమున వాదము జరిగినది. విరాళములిచ్చినవారు తమ వారికొఱకే యిచ్చిరనువారి మాటయును తోసివేయదగినది కాదు. ఇచ్చినవారి యుద్దేశమును మన్నించుట సంఘమునకు విధి. ప్రతి యేట కొన్ని స్థానములైనను ఏ కులమని విచారింపక బీదలకును, బాలికలకును విడువవలెనని మేము సవరణ నిచ్చియున్నాము. పేరు పెట్టుట, నిబంధన మార్చుట రెండును ఒక్కసారి యోటునకు పెట్టవలెనని మా కోరిక. తీర్మానము రెండవదినమున మధ్యాహ్నపు సమావేశమున చర్చకు వచ్చును. మాటాడగోరు సభ్యులు తమ పేరులను ముందుగా కార్యదర్శిగారికి తెలుపవలెను.