బీదల యింటి అద్దె: ఆక్టేవియా హిల్ జీవితము
(నెహెమ్యా 5వ అధ్యాయము చదువుడి)

నెహెమ్యా దినములలో కరవు వచ్చినప్పుడు బీదలు తమ పొలములను, ఇండ్లను కుదువపెట్టిరి. అతడు ప్రధానులను పిలిపించి, వాటిని తిరిగి యిచ్చివేయవలెనని గద్దించెను. ఇల్లు లేనివారి మొరను అట్లే ఆలకించిన యొక స్త్రీని గూర్చి ఈ మాసము చదువరులకు తెలుపగోరుచున్నాము.

ఆక్టేవియా హిల్ 1838వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులోని విస్‌బెచ్ పట్టణమందు జన్మించెను. తండ్రి ధాన్యపు వర్తకుడు. 1840లో ఆయన దివాలా తీయగా కుటుంబము చెదరెను. వైద్యుడైన తాతగారు వారిని ఆదుకొనెను. పదునాలుగేండ్ల ప్రాయమున ఆమె లండనులో బీద పిల్లలచేత బొమ్మరిండ్ల సామాను చేయించు పనిని నడిపెను. సరియైన యిల్లెరుగని పిల్లలు బొమ్మలకు కుర్చీలు, బల్లలు చేయుచుండిరి! తరువాత మారిస్ అను బోధకుని ప్రసంగములవలన విశ్వాసమందు స్థిరపడి, ఆంగ్లికన్ సంఘములో బాప్తిస్మము పొందెను.

అప్పటి లండనుకు పనికొరకు జనులు గుంపులుగా వచ్చుచుండిరి. రైలుమార్గముల కొరకు బీదల పేటలను పడగొట్టిరి గాని, వారు ఎక్కడ తలదాచుకొందురని తలంచినవారు కొద్దిమందియే. ఒక్క గదిలో కుటుంబమంతయు కాపురముండెడిది.

1865లో జాన్ రస్కిన్ అను గ్రంథకర్త, తండ్రివలన సంక్రమించిన ధనముతో, మేరీలెబోన్ పేటలో మూడు యిండ్లను 750 పౌనులకు కొని ఆమె కప్పగించెను. ఆ వీధి పేరు పారడైజ్ ప్లేస్, అనగా పరదైసు. గోడల సున్నము రాలిపోయి, మెట్ల కటకటాలు పొయ్యిలోనికి పోయిన పరదైసు అది! ఏటేట నూటికి 5 పౌనులు లాభము రావలెనని రస్కిన్ నియమించెను. ధర్మముగా గాక న్యాయమైన లాభముతో జరిగినయెడల, ఇతరులును ముందుకు వత్తురని ఆయన యెంచెను.

ఆమె ప్రతి వారము తానే యింటింటికి వెళ్లి అద్దె తీసికొనెడిది. ఆ మిషమీద కుటుంబముల కష్టసుఖములు తెలిసికొనెడిది. మరమ్మతులకై ఏటా కొంత సొమ్ము కేటాయించి, అందులో మిగిలినది అద్దెకున్నవారు కోరిన సదుపాయములకే వెచ్చించెను. పని దొరకని దినములలో ఆ మరమ్మతులను వారిచేతనే చేయించి కూలి యిచ్చెను. మెట్లు కడిగిన పెద్ద బాలికలకును కూలి ముట్టెను. అయితే అద్దె యెగవేయువారిని ఖాళీ చేయించెను. ఇది మాకు కొంత కఠినముగానే తోచుచున్నది. కాని బాకీ పేరుకొననియ్యని యజమాని, అప్పులో ముంచి పిండుకొను యజమానికంటె మేలు గదా.

1884లో ఇంగ్లండు సంఘపు ఆస్తులను చూచు కమిషనర్లు సౌత్‌వర్క్‌లోని తమ యిండ్లను ఆమెకు అప్పగించిరి. సంఘమే మురికి పేటలకు యజమానియై యుండెనన్నమాట. మిషను స్థలములలో ఇండ్లు అద్దెకిచ్చు మన సంఘపెద్దలు ఈ సంగతిని యోచింపవలెను. ఆమె అక్కడ చిన్న యిండ్లు కట్టించి, వాటి ప్రక్కనే 1887లో ఒక తోటను తెరచెను.

పురపాలక సంఘములు ఇండ్లు కట్టి అద్దెకిచ్చుట ఆమెకు సమ్మతము కాలేదు. ఇందులో మేము ఆమెతో ఏకీభవింపము. దయగల కొద్దిమంది యజమానులవలన లక్షల కుటుంబములకు గూడు కలుగదు. 1919లో బ్రిటిషు ప్రభుత్వము చట్టము చేసి, పురపాలక సంఘములచేతనే ఇండ్లు కట్టింపవలసి వచ్చెను.

అది చూచుటకు ఆమె లేదు. 1912 ఆగష్టు 13వ తేదీన మరణింపగా, ఆమె కోరిక చొప్పున కెంట్ సీమలోని క్రాకమ్ హిల్ అను పల్లె దేవాలయపు ఆవరణములో, అక్కయైన మిరాండాతోపాటు సమాధి చేసిరి.