డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జగన్నాథము, వెంకమ్మ దంపతులకు సుబ్బారావుగారు జన్మించిరి. బాల్యమున చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని చేతికి రాలేదు. మదరాసు వైద్య కళాశాలలో స్వదేశీ దీక్ష పూని, శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు వస్త్రముతో పోగా ఆంగ్ల ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది.

ఆ దినములలోనే ఇద్దరు సోదరులు స్ప్రూ అను గ్రహణి వ్యాధికి బలియైరి. తామును అదే రోగమున పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. ఈ దుఃఖమే వారిని అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు నడిపించినదనుట అతిశయోక్తి కాదు. అచ్చట ఫిస్కె పండితునితో కూడి రక్తమున భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరముల శక్తికి మూలమైన పదార్థములను గూర్చియు పరిశోధించిరి. 1940లో లెడర్లే ఔషధ సంస్థలో చేరిరి. అచ్చట వారి బృందము 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేసెను. సోదరులను బలిగొన్న గ్రహణికి మందు దొరకినది!

క్యాన్సరు, అనగా పల్లెలలో రాచపుండని పిలుచు వ్యాధి, వారి జీవితమున ప్రవేశించినది ఈ ఔషధము వెంటనే. ఫోలిక్ ఆమ్లము వంటి పదార్థమొకటి కొన్ని ఎలుకలలో కణుతులను కరగించినదని న్యూయార్కు వైద్యులు చెప్పిరి. ఆ జాతికి చెందిన టెరోప్టెరిన్ అను మందును లెడర్లేవారు తయారు చేసిరి. 1947 జూన్ చివర దానిని బేబ్ రూత్ అను సుప్రసిద్ధ బేస్‌బాల్ క్రీడాకారునకు సూదిమందుగా ఇయ్యనారంభించిరి. మెడలోని గ్రంథులు తగ్గెను, శరీరపు బరువు పెరిగెను. ఆశ మిన్నంటెను. కాని ఆ మేలు నిలువలేదు. 1948 ఆగస్టు 16న ఆయన మరణించెను. ఒక్కరికి కొన్నాళ్లు మేలైనంత మాత్రమున మందు రుజువైనట్లు కాదు గదా!

బోస్టన్ నగరమున పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బరు కథ ఇంకను విచిత్రము. రక్తపు క్యాన్సరు సోకిన బాలబాలికలకు ఆయన ఈ ఫోలిక్ ఆమ్లపు మందులనే ఇచ్చి చూచెను. రోగము తగ్గుటకు మారు పెచ్చుపెరిగినట్లు కనిపించెను. రక్తహీనునికి ప్రాణము పోయు పదార్థము దుష్టకణములకును ఆహారమైనదన్నమాట. అంతట ఆయన ఆలోచన తలక్రిందులయ్యెను. ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు మందులు కావలెనని లెడర్లేవారిని కోరెను. సుబ్బారావుగారి పర్యవేక్షణలోని రసాయనికులు ఒకదాని వెనుక ఒకటిగా తయారు చేసి పంపిరి. వానిలో అమినోప్టెరిన్ పనిచేసెను. 1948 జూన్‌లో ప్రకటించిన నివేదికలో, మందు పుచ్చుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి మెరుగు కనబడినట్లు గలదు. అది తాత్కాలికమేయనియు, మందు విషగుణము కలదనియు ఫార్బరు దాచలేదు. ఓడిన ఔషధమును సైతము లెక్కకట్టి చూచినందుననే గెలుపునకు దారి దొరకెను.

ఆ నివేదిక వెలువడిన రెండు నెలలకు, ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. వయస్సు 53 ఏండ్లు. అప్పటికి బోదకాలు రోగమునకు కారణమగు క్రిములను చంపు హెట్రజాన్, ఆరియోమైసిన్ అను మందులు వారి బృందము ద్వారా లోకమునకు అందియుండెను. 1995లో భారత ప్రభుత్వము వారి శతజయంతికి తపాలా బిళ్ల వెలువరించినది.

అమినోప్టెరిన్ స్థానమున మెథోట్రెక్సేట్ వచ్చినది. గర్భాశయమున పుట్టు ఒకానొక క్యాన్సరు దానితో నయమైనట్లు అమెరికా వైద్యులు 1956లో ప్రకటించిరి. క్యాన్సరుకై పుట్టిన ఈ మందు పిదప కీళ్లవాతమునకును పనికివచ్చునని తేలినది. కాని ఆ మాట తేలుటకు ఏండ్ల తరబడి పరీక్షలు కావలసివచ్చెను. కీళ్లవాతమునకు దీనిని వారమున కొక్కమారు మాత్రమే ఇత్తురు. పొరబాటున ప్రతిదినము మింగి ప్రాణములు కోల్పోయినవారును కలరు.