నెలలు నిండని బిడ్డ: సర్ ఐజాక్ న్యూటను

చదువవలసిన భాగము: కీర్తన 27:7–14



మన కొల్లేటి లంకలలో నెలలు నిండకముందే బిడ్డ పుట్టినయెడల, ఇది దక్కదు లెమ్మని పెద్దలు పెదవి విరచుట మేము చూచియున్నాము. ఆడపిల్లయైనచో మరింత త్వరగా ఆశ వదలుకొందురు. అట్టి ఇంటివారి కొరకు ఈ నెల ఒక జీవితమును జ్ఞాపకము చేయుచున్నాము.

ఐజాక్ న్యూటను పాత పంచాంగము ప్రకారము 1642 డిసెంబరు 25న ఇంగ్లండు దేశములో ఊల్స్‌తోర్పు అను పల్లెయందు పుట్టెను. తండ్రి అంతకు మూడు నెలల ముందే చనిపోయెను. బిడ్డ చిన్న కూజాలో పట్టునంతటివాడని ఇంటివారు చెప్పుకొనిరి. మెడ నిలువక చుట్టును దిండు పెట్టవలసివచ్చెను. అతనికి కావలసినదేదో తెచ్చుటకు పొరుగూరికి పంపిన ఇద్దరు స్త్రీలు త్రోవలో కంచెయొద్ద చతికిలబడిరట. తాము తిరిగి వచ్చులోగా బిడ్డ పోవును గనుక త్వరపడనేల అని వారి తలంపు. ఆ బిడ్డ 84 ఏండ్లు బ్రతికెను.

అయితే ప్రాణము దక్కినంతమాత్రమున చాలదు. అతనికి మూడేండ్లప్పుడు తల్లి హన్నా ఒక పాదిరిని మారు వివాహము చేసికొని, బిడ్డను అమ్మమ్మయొద్ద విడిచి వెళ్లెను. మారుతండ్రి చనిపోయిన పిమ్మట ఆమె తిరిగి వచ్చుసరికి పిల్లవానికి పదేండ్లు. 1662లో అతడు తన పాపములను వ్రాసికొన్నప్పుడు, తల్లిని, మారుతండ్రిని ఇంటితోకూడ తగులబెట్టెదనని బెదిరించినదానిని చేర్చెను. పెద్దవాడైన తరువాతను విమర్శను ఓర్వలేక స్నేహితులతో కలహించెను. అంతటికి బాల్యమే కారణమని మేము చెప్పజాలము. గాని ఆ గాయము మానలేదని ఆ చీటీయే చెప్పుచున్నది.

అతనిని ఆదుకొన్నవారును ఉండిరి. తల్లి బడి మాన్పించి పొలము పనికి పెట్టగా, పాదిరియైన మేనమామయు, ఉపాధ్యాయుడైన స్టోక్సును ఆమెను ఒప్పించి మరల చదువునకు పంపించిరి. 1661లో కేంబ్రిడ్జి చేరెను. భూమిని, చంద్రుని ఒకే ఆకర్షణ నడిపించుచున్నదని 1687లో అచ్చయిన గ్రంథములో తెలిపెను. 1679లో తల్లి జ్వరపడగా, తానే రాత్రులు మేలుకొని, తన చేతులతో ఆమె పుండ్లకు మందు కట్టి, కడవరకు సేవచేసెను.

గర్భమందలి కడపటి నెలలలో బిడ్డ మెదడు మిక్కిలి వేగముగా పెరుగును. 32 వారములు నిండకముందు పుట్టిన బిడ్డకు ఆ పెరుగుదల మన చేతులలో జరుగవలెను. కనుక స్పర్శయు, పాలును, మాటయు కరవైనచో నడకలో, మాటలో, చదువులో వెనుకబడు అపాయము అట్టి బిడ్డకు హెచ్చు. 1978లో కొలంబియా దేశపు వైద్యులు బిడ్డను తల్లి రొమ్ముకు హత్తి ఉంచు పద్ధతిని ఆరంభించిరి. నేడు ప్రపంచమంతటను వైద్యులు దానిని చెప్పుచున్నారు. తండ్రియు, నాయనమ్మయు అట్లు హత్తుకొనవచ్చును.

కాబట్టి చేపల చెరువు పనికి తల్లిని తొందరపెట్టకుడి. బిడ్డతో మాటలాడుడి. ఏలూరు, తాడేపల్లిగూడెము ఆసుపత్రులలో వైద్యులు చెప్పిన దినమున కండ్లు, చెవులు తప్పక చూపించుడి. పడవ లేదని, బస్సు తప్పిపోయెనని గట్టుమీద కూర్చుండకుడి. సంఘస్థులారా, అట్టి ఇంట రెండు పూటలు వంట చేసిపెట్టుటయు ప్రభువు సేవయే.

ప్రార్థన: తల్లి మరచినను మరువని తండ్రీ, ఈ చిన్నవారిని మోయుటకు మా చేతులకు ఓర్పు నిమ్ము. ఆమేన్.