సికిందరాబాదు నుంచి చికాగోకు: రాజా దీన్‌దయాళ్ ఫోటోల కథ

జూబిలీహిల్స్, ఫిలింనగర్ పేర్లు వినగానే పల్లెల్లో వారికి సినిమా తారల మేడలు, స్టూడియోలు గుర్తుకు వస్తాయి. ఒకప్పుడు సినిమా ఊరికి రాకముందే దాని ఫోటోలు వచ్చేవి. టూరింగు టాకీసు గేటు పక్కన అద్దాల పెట్టెలో అట్టలకు అంటించిన స్టిల్సు పెట్టేవారు. టికెట్టుకు డబ్బు లేనివారు వాటి ముందు నిలబడి కథంతా ఊహించుకునేవారు. ఏ స్టిల్లు నడుమ ఉండాలి, ఏది మూలకు పోవాలి అన్నది తెలిసిన వాడే చేయవలసిన పని. ఫోటోను తీయడంతో సరిపెట్టక, చూసేవారి ముందుకు దాన్ని ఎట్లా తేవాలో కూడా ఆలోచించిన ఒక ఘనుడు ఆ కొండలకు కొద్ది మైళ్ల దూరంలోనే నివసించారు. అప్పటికి అక్కడ స్టూడియోలు లేవు, మేడలు లేవు, బండరాళ్లే. ఆయన పేరు రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ మన ప్రాంతం వారు కారు. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు సంస్థానంలో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కట్టడాల పటాలు గీయడం, ఖర్చు అంచనా వేయడం ఆయన ఉద్యోగం. 1870ల మధ్యలో కెమెరా పట్టారు. ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కర్, బ్రిటిష్ ఏజెంటు హెన్రీ డేలీ ప్రోత్సహించారు. 1882లో లెపెల్ గ్రిఫిన్ దొర వెంట మధ్య భారతమంతా తిరిగి కోటలను, గుళ్లను ఫోటోలు తీశారు. వాటితో 1886లో ఒక పుస్తకం వెలువడింది. 1885లో వైస్రాయికి ఫోటోగ్రాఫరుగా నియామకం లభించింది. ఆ కాలంలోనే సికిందరాబాదు చేరి స్టూడియో తెరిచారు.

ఆ రోజుల్లో ఫోటోను అట్టకు అంటించడం అలంకారం కోసం కాదు, అది లేనిదే ఫోటో నిలిచేది కాదు. పల్చని కాగితానికి కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి పూసేవారు. యూరపులో ఈ కాగితం తయారు చేసే కార్ఖానాలకు రోజుకు వేల కొద్దీ గుడ్లు కావలసి వచ్చేవి. వాటి పచ్చసొన సంగతి వేరే కథ. ఆ కాగితాన్ని వెండి ద్రావకంలో తడిపి, ఆరబెట్టి, గాజు పలక మీది నెగెటివుకు ఆనించి ఎండలో పెట్టేవారు. పలక ఎంతో ఫోటో అంతే. పెద్దది చేసే వీలు దాదాపు లేదు. తరువాత బంగారు ద్రావకంలో ముంచితే ఎర్రమట్టి రంగు పోయి ఊదా కలిసిన గోధుమరంగు తేలేది. హైపోలో ఉంచి, చాలాసేపు నీళ్లలో కడిగేవారు. ఇంత చేసినా ఆ కాగితం ఆరగానే ఎండుటాకులా చుట్టుకుపోయేది. అందుకే అంచులు సమంగా కోసి, గంజితో దళసరి అట్టకు అతికి, రోలరు కింద నొక్కేవారు.

అసలు ఎంపికలన్నీ ఇక్కడే. ఎంత కోయాలి? ఆకాశం ఎంత ఉంచాలి? అట్టకు అంచు ఎంత వదలాలి? పువ్వులు లతలు అచ్చేసిన అట్ట వాడితే చూపు వాటి మీదికి పోతుంది. సాదా అట్ట అయితే బొమ్మ ఒంటరిగా నిలబడి తన బలం తానే చూపుకోవాలి. దీన్‌దయాళ్ తీసిన కట్టడాల చిత్రాలలో స్తంభాలు నిటారుగా, నేల సమంగా కనిపిస్తాయి. డ్రాయింగు బల్ల దగ్గర గడిపిన ఏళ్లు ఊరికే పోలేదు. అటువంటి చిత్రానికి అట్ట వంకరగా కోస్తే గుడి గోడే ఒరిగినట్లు ఉంటుంది.

1893లో అమెరికాలోని చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫోటోలకు బహుమానం లభించింది. ఓడ ప్రయాణంలో తేమ తగిలితే తెల్లసొన కాగితం పసుపెక్కుతుంది, పగుళ్లు బారుతుంది. నలుగురి పనితనం పక్కపక్కన ఉన్న గోడ మీద చిన్న మచ్చ కూడా దాగదు. నేటి ఫోటో పోటీలలో పేరు సాధారణంగా అట్ట వెనుకనే రాస్తారు, తీసింది ఎవరో న్యాయనిర్ణేతలకు తెలియకూడదని. దీన్‌దయాళ్ కాలంలో అలా కాదు. నెగెటివు మీదనే నెంబరు, పేరు రాసేవారు. అది దుకాణం ముద్ర, ప్రచారం కూడా.

ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫరుగా చేసుకొని రాజా బహద్దూర్, ముసవ్విర్ జంగ్ బిరుదులిచ్చారు. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం వేరుగా స్టూడియో పెట్టి, ఒక ఆంగ్ల వనితకు నిర్వహణ అప్పగించారు. అక్కడి చిత్రాలు ఆయా ఇళ్ల వారి కోసమే. గోడకెక్కని ఫోటోలు కూడా ఆయన వ్యాపారంలో భాగమే. 1896లో బొంబాయిలో శాఖ తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాజముద్ర హోదా వచ్చింది.

పల్లెవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన ఆల్బములు కొన్ని ఉన్నాయి. అప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు జిల్లాలో 1895 నుంచి 1902 దాకా సాగిన కరువు సహాయ పనులను దీన్‌దయాళ్ సంస్థ ఫోటోలు తీసింది. 1899, 1900లలో దేశంలో ఘోరమైన కరువు. ఆ ఫోటోలు ప్రభువు చేసిన మంచి పనులు అన్న పేరుతో ఆల్బములకెక్కాయి. చక్కని అంచుల నడుమ, పేర్లు రాసిన పుటలలో ఆకలిగొన్నవారు వరుసగా కనిపిస్తారు. అవే ఫోటోలను విడివిడిగా, ఆ పేరు లేకుండా గోడకు పెడితే చూసేవారు ప్రభువును మెచ్చుకోరు, లెక్క అడుగుతారు. తీసిన చేతి పనితనం రెండు చోట్లా ఒకటే. అతికిన చోటు మారింది. దీనికి దీన్‌దయాళ్‌ను మాత్రమే తప్పుపట్టలేము, పని ఇచ్చినవారు కోరిన రూపం అది. కానీ ఆ పుటలను చూసేవారు ఈ సంగతి మరువరాదు.

ఇద్దరు కుమారులలో ధరమ్‌చంద్ 1904లో మరణించారు. మరుసటి ఏడు, 1905లో, దీన్‌దయాళ్ కన్నుమూశారు. జ్ఞాన్‌చంద్ స్టూడియోను కొంతకాలం నడిపారు.

ఆయన అట్టలకు పట్టిన చీడ మన ఇళ్లలోని పాత పెళ్లి ఫోటోలకూ పడుతున్నది. చవక అట్టలో ఉండే ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పసుపుగా మారుస్తుంది. గంజి కోసం పురుగు వస్తుంది. పటం కట్టించేటప్పుడు అద్దం ఫోటోకు తగిలితే వానాకాలం తేమకు రెండూ అతుక్కుపోతాయి. మధ్యలో కిటికీలా కోసిన అట్టను ఫోటో మీద పెట్టేది అందుకే. అది అందం కోసం అనుకుంటారు గాని, ఫోటోకూ అద్దానికీ మధ్య గాలి ఆడాలి. ఆమ్లం లేని అట్ట దొరికితే అదే వాడాలి. ఫోటో మొత్తాన్ని జిగురుతో అంటించరాదు.

దీన్‌దయాళ్ గాజు పలకలలో 2857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. 2006లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. పలకలో ఆయన తీసిందంతా ఉంది. అందులో ఎంత కోసేసి, ఎంత చూపదలచారో తెలియాలంటే మాత్రం మ్యూజియాలలో మిగిలిన ఆ పాత అట్టలనే చూడాలి.