మహానటి సావిత్రి జీవితం – మన ఇళ్ళకు ఒక హెచ్చరిక



సావిత్రి పేరు వినని తెలుగు ఇల్లు లేదు. 'మిస్సమ్మ'లో మేరీగా, 'మాయాబజార్'లో శశిరేఖగా ఆమెను మీ పెద్దలు నేల టిక్కెట్టు కొని చూశారు. మీ పిల్లలు 2018లో వచ్చిన 'మహానటి' చిత్రంలో ఆమె కథ తెలుసుకున్నారు. ఆమె నటనను గూర్చి ఎందరో వ్రాశారు. ఆమె మరణాన్ని గూర్చి ఈ వారం మనం కలిసి ఆలోచిద్దాం. నింద మోపడానికి కాదు, మన ఇళ్ళను కాపాడుకోవడానికి.

గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి, నెలల బిడ్డగా ఉండగానే తండ్రిని కోల్పోయారు. పెద్దమ్మ, పెదనాన్నల దగ్గర విజయవాడలో పెరిగి, నాట్యం నేర్చి, నాటకాలాడి మద్రాసు చేరారు. 1951లో 'పాతాళభైరవి'లో ఒక నాట్యానికి మాత్రమే అవకాశం దొరికింది. 1953లో 'దేవదాసు'లో పార్వతి అయ్యారు. 1955లో 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్' ఆమెను శిఖరానికి చేర్చాయి. 1968లో 'చిన్నారి పాపలు' చిత్రానికి దర్శకత్వం కూడా వహించారు. అడిగినవారికి లేదనని చేయి ఆమెది. దేశ రక్షణ నిధికి ఒంటిమీది నగలు ఒలిచి ఇచ్చిన తల్లి.

అప్పటికే వివాహితుడైన నటుడు జెమినీ గణేశన్‌ను ఆమె 1952లో పెళ్ళాడారు. కాలక్రమంలో ఆ కాపురం చెదిరింది. సొంతంగా తీసిన 'ప్రాప్తం' 1971లో నష్టం తెచ్చింది. ఆదాయపు పన్ను బాకీలకు ఆస్తులు కరిగిపోయాయి. చుట్టూ ఉన్నవారు ఒక్కొక్కరే దూరమయ్యారు. దుఃఖం మరచిపోవడానికి పట్టుకున్న మద్యం చివరికి ఆమెనే పట్టుకుంది. మధుమేహం, రక్తపోటు ఉన్న శరీరం ఆ భారం మోయలేకపోయింది. 1980 మే నెలలో బెంగుళూరులో స్పృహ తప్పారు. మరి లేవలేదు. పందొమ్మిది నెలలు మంచం మీదనే ఉండి 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూశారు. యాభై ఏళ్ళు కూడా నిండలేదు.

'దేవదాసు' చూసి కంటతడి పెట్టని వారెవరు? తెర మీద త్రాగుబోతు మరణం ప్రేమగా, త్యాగంగా కనిపిస్తుంది. ఆ చిత్రంలో పార్వతిగా ఏడ్చిన మనిషికే నిజ జీవితంలో అది ఎలా వచ్చిందో చూడండి. పాటలు లేవు. ఆసుపత్రి, మంచం, ఎదురుచూసే పిల్లలు మాత్రమే ఉన్నారు.

వైద్యులు చెప్పే సంగతి తెలుసుకోండి. మనం ఏమీ తినని వేళల్లో రక్తానికి కావలసిన చక్కెరను కాలేయం అందిస్తుంది. మద్యం కడుపులో పడితే కాలేయం ఆ పనిని సరిగా చేయలేదు. మధుమేహానికి మందులు వాడేవాడు ఖాళీ కడుపుతో త్రాగితే చక్కెర ప్రమాదకరంగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఇక కొంచెం త్రాగితే గుండెకు మంచిదని చాలామంది వాదిస్తారు. త్రాగనివారికంటే మితంగా త్రాగేవారు ఎక్కువ కాలం బ్రతుకుతారని కొన్ని పాత పరిశోధనలు చూపిన మాట నిజమే. కాని ఆ త్రాగనివారి లెక్కలో జబ్బు చేసి మానుకున్నవారు కూడా కలిసిపోయారు. వారిని వేరుచేసి చూస్తే ఆ లాభం చాలావరకు కనిపించకుండా పోయింది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదు అంటూ మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఆ సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచమంతటా 26 లక్షల మంది మద్యం కారణంగా మరణించారు. వారిలో 20 లక్షల మంది మగవారు.

మన అనంతపురం నేల సంగతి మీకు వేరే చెప్పాలా? వాన రాక, వేరుశనగ ఎండిపోయి, బోరు వట్టిపోయిన ఏట మన మగవారు కూలికి బెంగుళూరు వెళ్తారు. బాధ మరవడానికి ఒక గ్లాసు అనుకుంటారు. అంత పేరు, అంత సంపద ఉన్న సావిత్రి బాధనే మద్యం తీర్చలేకపోయింది. అప్పులపాలైన రైతు బాధను తీరుస్తుందా? అప్పు అప్పుగానే ఉంటుంది. దాన్ని తీర్చవలసిన మనిషి మాత్రం మిగలడు.

కనుక తల్లులారా, తండ్రులారా, మీ ఇంట్లో త్రాగేవారుంటే వారిని నలుగురిలో అవమానించకండి, ఒంటరిగానూ వదిలేయకండి. సావిత్రిని ఒంటరితనం ఎంత దూరం తీసుకుపోయిందో చూశారు కదా. ఏళ్ళ తరబడి బాగా త్రాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు. అందుచేత తప్పకుండా వైద్యుని సహాయంతోనే మాన్పించండి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఈ రోజే వైద్యునికి నిజం చెప్పండి.

ఆమె సినిమా ఈసారి టీవీలో వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. చూసిన తరువాత ఆమె చివరి పందొమ్మిది నెలల సంగతి కూడా మీ పిల్లలకు చెప్పండి.