హెలెన్ కెల్లర్ వెనకున్న టీచరమ్మ

మధ్యాహ్నం ఎండకి షువైఖ్‌లో బయట అడుగు పెట్టలేం. ఆయన డ్యూటీకి, పిల్లలు బడికి పోయాక నాకు దొరికే తీరిక అదే. ఆ వేళకే రాజంపేట నుంచి మా అక్క వీడియో కాల్ చేస్తుంది. అక్క చిన్న కూతురికి ఆరేళ్లు. చూపు, వినికిడి రెండూ పుట్టుకతోనే చాలా తక్కువ. అక్క కడుపుతో ఉన్నప్పుడు రుబెల్లా సోకింది. ఆ వైరస్ పిండం కళ్లని, చెవుల్ని, గుండెని దెబ్బతీస్తుందని నేను డిగ్రీలో చదువుకున్నాను. కానీ అలాంటి బిడ్డకి ఎలా నేర్పాలో ఎక్కడా చదవలేదు. అందుకే ఆన్ సలివన్ జీవితం వెతుక్కుని చదివాను.

ఆన్ 1866లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టింది. అమ్మానాన్నలు ఐర్లాండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వచ్చినవాళ్లు. ఐదేళ్ల వయసులో ట్రకోమా వచ్చి ఆన్ చూపు దెబ్బతింది. ఎనిమిదేళ్లకి తల్లి పోయింది. 1876లో ఆమెనీ, తమ్ముడు జిమ్మీనీ ట్యూక్స్‌బరీలో బీదలని ఉంచే ఆశ్రమంలో చేర్చారు. కొన్ని నెలలకే తమ్ముడు అక్కడే చనిపోయాడు.

పద్నాలుగేళ్లకి బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరేనాటికి ఆమెకి చదవడం, రాయడం రాదు. ఆపరేషన్ల తర్వాత చూపు కొంత వచ్చింది. 1886లో తరగతిలో మొదటి స్థానంలో నిలిచి బయటికి వచ్చింది. చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జ్‌మన్ ఆ బడిలోనే ఉండేది. ఆమెతో మాట్లాడాలనే ఆన్ చేతిలో వేళ్లతో అక్షరాలు చెప్పడం నేర్చుకుంది.

1887 మార్చి 3న అలబామాలోని టస్కంబియాలో హెలెన్ ఇంటికి చేరింది. అప్పుడు ఆన్‌కి ఇరవై ఏళ్లు, హెలెన్‌కి ఇంకా ఏడు నిండలేదు. పాపం పిల్ల అని ఇంట్లో ఎవరూ హెలెన్‌కి అడ్డు చెప్పేవారు కాదు. అందరి కంచాల్లోనూ చెయ్యి పెట్టి తినేది. ఆన్ ఆమెని తోటలోని చిన్న ఇంటికి తీసుకెళ్లి రెండు వారాలు తనతోనే ఉంచుకుంది. రోజుకి ఒక క్రమం పెట్టింది. పది గంటలకి పూసలు గుచ్చడం, తర్వాత కుట్టుపని, అల్లికలు. పదకొండుకి వ్యాయామం. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా కొత్త మాటలు. మాటలు ఆ గంటకే పరిమితం కాదు. రోజంతా ఏం చేస్తే దాని పేరు చేతిలో రాస్తూనే ఉండేది.

ఏప్రిల్ 5న బోరింగు దగ్గర ఒక చేతి మీద నీళ్లు పడుతుంటే, రెండో చేతిలో నీళ్లు అని రాసింది. ప్రతి వస్తువుకీ పేరుంటుందని హెలెన్‌కి ఆ క్షణాన తెలిసింది. ఆ నెలలోనే ఆన్ గంటల ప్రకారం పాఠాలు మానేసింది. పసిపిల్లలు ఇంట్లో మాటలు విని ఎలా నేర్చుకుంటారో గమనించి, హెలెన్‌తో చేతిలోనే నిండు వాక్యాలతో మాట్లాడడం మొదలుపెట్టింది. లేవడం, తినడం, తోటలో తిరగడం, అన్నీ పాఠాలే అయ్యాయి.

కాలేజీలో పక్కన కూర్చుని ప్రతి పాఠం హెలెన్ చేతిలో రాసింది. 1904లో హెలెన్ పట్టభద్రురాలైంది. ఆన్ కళ్లు మాత్రం రానురానూ పూర్తిగా పాడయ్యాయి. 1936 అక్టోబర్ 20న కన్నుమూసింది. ఆమె చెయ్యి అప్పుడు హెలెన్ చేతిలోనే ఉంది.

ఇది చదివాక అక్కకి ఒకటే చెప్పాను. చెప్పాపెట్టకుండా పాపని ఎత్తుకోవద్దు. స్నానానికి ముందు తువ్వాలు, అన్నానికి ముందు చెంచా చేతికివ్వు, రోజూ అదే వేళకి, అదే వరసలో. మొదటి నెల ఏ మార్పూ లేదు. అక్క విసుక్కుంది, నాకూ దిగులేసింది. పోయిన వారం పాప తడుముకుంటూ వెళ్లి చెంచా తెచ్చి అక్క చేతిలో పెట్టిందట. ఫోన్‌లో ఇద్దరం ఏడ్చేశాం.

మీ వాళ్లలో ఇలాంటి బిడ్డ ఉంటే, ముంబైలో 1977 నుంచి నడుస్తున్న హెలెన్ కెల్లర్ సంస్థ ఉందని చెప్పండి. ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు అక్కనీ పాపనీ అక్కడికి తీసుకెళ్లాలని ఉంది.